బూరెకు ఆట ఇష్టమా, భయమా

2023వ సంవత్సరం, మార్చి నెల. పశుసంవర్ధక శాఖలో గిద్దలూరు, కంభం, కురిచేడు మండలాలలో ముప్పై మూడేళ్ళు పనిచేసి పదవీ విరమణ పొందిన తరువాత, మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద ఒక గది తీసుకొని సాయంత్రం పూట మాత్రం వైద్యం చేస్తున్న రోజులవి. ఉద్యోగంలో ఉన్నంతకాలం నా చేతుల మీదుగా పోయినవి ఎక్కువగా గేదెలు, ఎద్దులు, గొర్రెలు. కుక్కను తెచ్చారంటే అది కరిచిన కుక్క అయినా అయి ఉండేది, కరవబోయే కుక్క అయినా అయి ఉండేది. పెంపుడు కుక్కల వైద్యం నాకు చాలావరకు విరమణ తరువాత అబ్బిన విద్య.

పశువు తన బాధ చెప్పలేదు. యజమాని చెప్పేదానిలో సగం అతని సొంత బాధ. అందుచేత ఉష్ణోగ్రత, పల్స్, బరువు, లక్షణం మొదలైన తేదీ చేతికి రానిదే అభిప్రాయం చెప్పే అలవాటు నాకు లేదు. కేసు షీట్ మీద "అనిపించింది" అనే మాటను రాయనూ లేదు, నా కింద పనిచేసిన వారిని రాయనివ్వనూ లేదు. అటువంటి నా ముందుకు ఒక శుక్రవారం సాయంత్రం వచ్చిన ప్రశ్న ఏ థర్మామీటరుకూ అందేది కాదు.

"ఈ కుక్కకు ఆటలు నేర్పి ఆడిస్తా ఉండారు. దానికి ఇష్టంగా ఉందా, నరకంగా ఉందా? ఆ ఒక్కటీ తేల్చి చెప్పు డాక్టరమ్మా."

అడిగినవారు వెంకటసుబ్బయ్య గారు. పెద్దారవీడు మండలంలో మిరప, కంది పండించే రైతు; అరవై దాటిన మనిషి. ఆయన పక్కన ఎస్తేరమ్మ అనే నలభై అయిదేళ్ళ స్త్రీ తల దించుకొని నిలబడి ఉంది. ఆయన చేలో మిరపకాయలు కోసే ముఠాలో ఆమె కూలీ. వెనుక ఆమె భర్త ప్రసాదు. ముఠా ఆడవాళ్ళను పొలాలకు చేరవేసే ఆటో అతనిదే. ముగ్గురూ ఆ ఆటోలోనే వచ్చారు. నాలుగవ ప్రయాణికుడు గోధుమరంగు నాటు కుక్క. పేరు బూరె.

"పిల్లప్పుడు నూనెలోంచి తీసిన బూరె మాదిరి గుండ్రంగా ఉండె అమ్మా. అందుకని అట్ల పిలిచినాం" అన్నాడు ప్రసాదు, నేను పేరు రాసుకుంటూ తలెత్తినందుకు.

"పేరు సంగతి తర్వాత బావా. పని సంగతి చెప్పు" అన్నారు సుబ్బయ్య గారు. ఎస్తేరమ్మను చెల్లెలి వరస పెట్టి పిలుస్తారు కాబట్టి ప్రసాదు ఆయనకు బావ. తగవు పడడానికి వచ్చిన ఆ సాయంత్రం కూడా ఆ వరస మారలేదు.

విషయం ఇది. రెండేళ్ళ క్రితం సుబ్బయ్య గారి పొలం దగ్గర కుక్క ఈనితే, అందులో ఒక పిల్లను ఎస్తేరమ్మ అడిగి తెచ్చుకున్నది. సెల్‌ఫోనులో ఎక్కడెక్కడి కుక్కలో చేసే ఆటలు చూసి, మన ఊరి కుక్కకు తక్కువేమిటని తానే నేర్పడం మొదలుపెట్టింది. నేర్పినవి కూడా తమ బతుకులోని ఆటలే. "వందనం" అంటే బూరె కుడికాలు ఎత్తి ఇస్తుంది. "ప్రార్థన" అంటే ముందుకాళ్ళ మీద తల ఆనించి, "ఆమెన్" వినబడేదాకా కదలదు. "వడదెబ్బ" అంటే నాలుగు కాళ్ళూ చాపి చచ్చినట్టు పడిపోతుంది. "మేస్త్రి వచ్చె" అనగానే దిగ్గున లేచి మిరపసాలు వైపు పరుగెత్తుతుంది. ఈ చివరి రెండింటికీ, మధ్యాహ్నం బువ్వల దగ్గర, ముఠా అంతా పొట్ట పట్టుకొని నవ్వేదట. ముఠాను నడిపే మేస్త్రి కూడా నవ్వేవాడట, కొంచెం ఆలస్యంగా.

"నవ్వినోళ్ళలో నేను గూడ ఉండా" అన్నారు సుబ్బయ్య గారు. "కాదనను. కానీ ఈమధ్య చూస్తా ఉండా. ఈయమ్మ చెయ్యెత్తితే చాలు, వీడు తల పక్కకు తిప్పుకుంటాడు. తోక కాళ్ళ మధ్యన పెట్టుకుంటాడు. పిలిస్తే రాడు, వచ్చినా నేల మీద పాకతా వస్తాడు. కొట్టకుండా ఏ కుక్కా అట్ల అయిపోదు. నేనిచ్చిన కుక్క అది. కుక్క మాదిరి బతకనీకుండా కోతిని ఆడించినట్టు ఆడించేదానికి గాదు నేనిచ్చింది."

"నేను కొట్టలేదన్నా" అన్నది ఎస్తేరమ్మ. "దేవుడు చూస్తా ఉండాడు. పుల్ల గూడ ఎత్తలేదు నేను."

"మరి ఎందుకు భయపడతా ఉండాడు?"

"అదే తెలవక గదా నేను గూడ ఈడికొచ్చింది."

వారిలో వారు ముందే ఒక ఒప్పందానికి వచ్చి ఉన్నారు. బూరె ఇష్టంతో ఆడుతున్నాడని నేను చెబితే సుబ్బయ్య గారు ఇక నోరెత్తరు. బాధపడుతున్నాడని చెబితే ఆయన బూరెను తన పొలానికి తీసుకుపోతారు. ఎస్తేరమ్మ ఆ మాటకు తల ఊపింది కాని, ఊపుతున్నప్పుడు ఆమె చెయ్యి మెడపట్టీ కోసం వెతుక్కున్నది. బూరె ఆ చేతి నుంచి తల తప్పించాడు. గదిలో ఉన్న నలుగురమూ చూశాము.

బల్ల మీదికి ఎక్కించి పరీక్ష మొదలుపెట్టాను. బరువు పద్నాలుగు కిలోలు, ఉష్ణోగ్రత మామూలే. ఒంటి మీద వాతలు లేవు, పక్కటెముకల మీద నొప్పి లేదు. కొట్టిన గుర్తు ఎక్కడా దొరకలేదు. కనురెప్పల లోపలి పొర మాత్రం ఎర్రగా ఉన్నది. దానిని కన్‌జంక్టివైటిస్ అంటాము. కళ్ళం దుమ్ములో తిరిగే కుక్కకు వింత కాదనుకొని చుక్కల మందు రాశాను. తరువాత పల్స్. కుక్కకు తొడ లోపలివైపు ఫెమొరల్ ఆర్టరీ అనే రక్తనాళం మీద వేళ్ళు ఆనించి చూస్తాము. నిశ్చింతగా ఉన్న కుక్కకు నిమిషానికి డెబ్బై నుంచి నూట ఇరవై వరకు ఉండవచ్చు. ప్రసాదు పట్టుకొని ఉండగా బూరెకు తొంభై ఆరు. ఎస్తేరమ్మను దగ్గరకు వచ్చి చెయ్యి చాపమన్నాను. నూట నలభై నాలుగు. అంతేకాక పెదవులు నాకడం, అవసరం లేని ఆవులింత, తల తిప్పుకోవడం కనిపించాయి. వీటిని స్ట్రెస్ సిగ్నల్స్ అంటాము. కుక్క తన ఇబ్బందిని మర్యాదగా చెప్పే తీరు అది.

నేలమీదికి దించి ఆటలు అడగమన్నాను. ముందు ప్రసాదు అడిగాడు. వందనం అన్నా, వడదెబ్బ అన్నా బూరె తోక ఊపుతూ చేశాడు. ప్రసాదు జేబులో నుంచి తీసిన వేరుశనగ గింజను నమిలి మరొక ఆట కోసం ఎదురు చూశాడు. అవే మాటలు ఎస్తేరమ్మ అంటే వచ్చి బల్ల కింద దూరాడు.

"చూసినారా?" అన్నారు సుబ్బయ్య గారు. ఆ మాటలో గెలిచిన సంతోషం లేదు.

"ఇది ఏ తేదీ నుంచి?" అని ఎస్తేరమ్మను అడిగాను.

"తేదీ నాకేం తెలుస్తాదమ్మా. క్రిస్మస్ నాడు గుడిలో పిల్లకాయలందరి ముందర ఎంత బాగా ఆడినాడో. తోకకు నిలకడ లేదు. కాయ కోతలు మొదలైనాక ఇట్ల అయిపోయినాడు."

షీట్ మీద తేదీ ఉండవలసిన చోట "కోతలు మొదలైనాక" అని రాశాను. సుబ్బయ్య గారికి అదే రుజువైంది. పొద్దస్తమానం ఎండలో కోసి కోసి వచ్చిన విసుగు కుక్క మీద తీర్చుకుంటున్నదని ఆయన అన్నారు. అలా జరగదని నేను చెప్పలేను. అయితే ఒక్క పరీక్షతో నిర్ణయం చెప్పడం నా పద్ధతి కాదు. మరునాడు మధ్యాహ్నం కళ్ళం దగ్గరకే వచ్చి చూస్తానన్నాను. అప్పటిదాకా బూరె ప్రసాదు దగ్గరే ఉండాలి, ఎస్తేరమ్మ ముట్టుకోకూడదు. షరతు కఠినమని తెలుసు. ఆమె సరేనన్నది. ఆటోలో ఎక్కేటప్పుడు బూరె ముందు ప్రసాదు కాళ్ళ దగ్గర, ఆమె వెనుక సీటు చివర కూర్చోవడం నా గదిలో నుంచి కనిపించింది.

శనివారం మధ్యాహ్నం ప్రసాదు ఆటోలోనే వెళ్ళాను. సుబ్బయ్య గారి కళ్ళం ఊరికి పడమర, నల్లమల కొండలు కనిపించేంత దగ్గరగా ఉంటుంది. నేలంతా ఎర్రగా మిరపకాయలు. ఒక పక్క చప్పరం కింద ముఠా ఆడవాళ్ళు కూర్చొని తాలు ఏరుతున్నారు. రంగు పోయి తెల్లబారిన కాయను తాలు అంటారు; దానిని వేరు చేయకపోతే సరుకు ధర పడిపోతుంది. ఆటో దిగగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. వాళ్ళలో ఒక్కరు కూడా తుమ్మలేదు.

"డాక్టరమ్మకు మా కల్లం పడలా" అన్నది ఒక ముసలామె.

"బూరెకు సూది వేసేదానికి వచ్చిందనుకుంటిమి, ఆమెకే వెయ్యాలేమో" అన్నది పక్కామె.

ఎస్తేరమ్మ నవ్వలేదు. పని ఆపి లేచి వచ్చింది. బూరె చప్పరం గుంజ దగ్గర ప్రసాదు పక్కన ఉన్నాడు. ఆమెను చూసి తోక ఒకసారి ఊపి, మళ్ళీ ఆపేశాడు. అది నేను గమనించాను. తాను భయపడే మనిషిని చూసి కుక్క తోక ఊపదు. మనిషి కనబడగానే ఊపి, దగ్గరకు రాగానే ఆపుతున్నదంటే, చిక్కు మనిషిలో కాక మరి దేనిలోనో ఉండాలి.

ఆట ముగిశాక ఇచ్చే గింజను రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటాము. చేసిన పనిని మళ్ళీ చేయాలనిపించే బహుమతి అని దాని అర్థం. ఆమె ఏమిస్తున్నదో చూద్దామని అడిగాను. ఎస్తేరమ్మ కొంగు ముడి విప్పి, గుప్పెడు వేరుశనగ గింజలు నా చేతిలో పోసింది.

"ఇవేనమ్మా. చెనక్కాయ గింజలంటే వీనికి ప్రాణం."

ఎండ తీవ్రంగా ఉన్నది. గింజలు ఎడమ చేతిలోకి మార్చుకొని, కుడి చేత్తో కనురెప్ప మీది చెమట తుడుచుకున్నాను. ఆ తరువాత కొంతసేపు నాకు కనిపించినది చాలా తక్కువ. కన్ను నిప్పు పెట్టినట్టు మండింది. నీళ్ళు ధారగా కారాయి. చప్పరం కింద నవ్వు మొదలైంది. నేను వాళ్ళను తప్పు పట్టను. ముక్కూ కన్నూ ఎర్రగా చేసుకొని కళ్ళం మధ్య గిరగిర తిరుగుతున్న డాక్టరును చూసి ఎవరైనా నవ్వుతారు.

"రుద్దబాకమ్మా, రుద్దితే ఇంకా ఎక్కువైపోద్ది" అంటూ ముసలామె వచ్చి, కుండలో నీళ్ళు దోసిట్లో పోసి కడిగించింది. ఆ పైన మజ్జిగలో తడిపిన గుడ్డ ఇచ్చి మూసిన కంటి మీద పెట్టుకోమన్నది.

ఒక కన్ను మూసుకొని నేను మొదట చేసిన పని, చేతిలోని గింజ ఒకటి నోట్లో వేసుకోవడం. పెదవి, నాలుక రెండూ మండాయి.

"ఎస్తేరమ్మా, బూరెకు గింజ ఇచ్చే ముందు చేతులు కడుక్కుంటావా?"

"కడుక్కోకుండా ఎట్లమ్మా. నీళ్ళతో బాగా కడుగుతా."

"తరువాత నీకు చేతులు మండవా?"

"మంటా?" అని ఆమె తన చేతులను తానే కొత్తగా చూసినట్టు చూసుకున్నది. "పెండ్లయి వచ్చినప్పటి నుంచి కాయ కోస్తా ఉండా. మొదట్లో రాత్రిళ్ళు ఆముదం పూసుకొని ఏడ్చేదాన్ని. మంట తెలిసేది ఎప్పుడో పోయిందమ్మా."

"మా అందరికీ అంతే" అన్నది ముసలామె. "మా చేతులకు కారం ఉందని మాకు ఇంకొకరు చెప్పాల."

మిరపకాయలోని ఘాటు పదార్థం నీటిలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. నీళ్ళతో ఎంత కడిగినా అది చర్మాన్ని వదలదు. కుక్క ముక్కు మన ముక్కు వంటిది కాదు. ఆ చెయ్యి మూతి దగ్గరకు వస్తేనే దానికి మంట. ఆ పైన బూరె బాగా ఆడినప్పుడు ఎస్తేరమ్మ మురిసిపోయి, రెండు చేతులతో మూతి పట్టుకొని, కళ్ళ మీద నిమిరేదట. కోతలు లేని నెలల్లో అది బూరెకు పండుగ. కోతలు మొదలైనాక అదే శిక్ష. ఆట ఎంత బాగా ఆడితే శిక్ష అంత గట్టిగా పడింది. బహుమతి గింజ కూడా కొంగులో కారం అంటుకొని చేరింది. ప్రసాదు ఆటో నడిపే మనిషి. అతని చేతికి పెట్రోలు వాసన తప్ప కారం లేదు. నేను దుమ్ము అనుకున్న కంటి ఎరుపుకు కారణం కూడా అప్పుడు తెలిసింది.

ఈ మాటలు నేను చెబుతుండగానే ఎస్తేరమ్మ రెండు చేతులూ చీర కుచ్చిళ్ళలో దాచుకున్నది. బూరె వైపు చూడలేకపోయింది.

"ఇన్ని దినాలు కారం పెట్టినానా వానికి" అన్నది. "అయినా ఊరొదిలి పోకుండా నా ఇంట్లోనే పండుకున్నాడే."

సుబ్బయ్య గారు కళ్ళం పక్కనున్న కొట్టం లోపలికి వెళ్ళి వేరుశనగ నూనె సీసా, సబ్బు తెచ్చి ఆమె ముందు పెట్టారు. నూనె పట్టించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ నూనె పట్టించి, సబ్బుతో మోచేతుల దాకా కడగమన్నాను. ప్రసాదు ఇంటికి పోయి ఉతికిన చీర, కొత్త గింజలు తెచ్చాడు. నేను సెలైన్‌తో బూరె కళ్ళు, ముక్కు కడిగాను. మెడపట్టీని కూడా సబ్బు నీళ్ళలో వేశాము. ఎండ తగ్గేదాకా అందరమూ కళ్ళానికి దూరంగా, గాలి ఎదురుగా రాని వైపు వేపచెట్టు కింద కూర్చున్నాము.

సాయంత్రం ఎస్తేరమ్మను నేలమీద కూర్చోమన్నాను. పిలవవద్దు, చెయ్యి చాపవద్దు, అరచేతులు ఒడిలో తెరిచి ఉంచి ఊరికే ఉండమన్నాను. బూరె తాడు విప్పించాను. దూరం నుంచి మెడ సాచి గాలి వాసన చూశాడు. రెండడుగులు వేసి ఆగాడు. మళ్ళీ వాసన. అరచేతి దాకా వచ్చి ముక్కు ఆనించి, నాకి, ఒక్క క్షణం ఆలోచించినట్టు నిలబడ్డాడు. ఆ తరువాత ఒళ్ళంతా తోకే అయినట్టు ఊగిపోతూ ఆమె ఒడిలో పడ్డాడు. ఆమె వెల్లకిలా పడిపోయింది. ఆడవాళ్ళు లేపడానికి వస్తే లేవనన్నది.

నా వేళ్ళు అలవాటుగా తొడ మీదికి పోయాయి. పల్స్ నూట నలభై రెండు. ముందు రోజు భయంతో ఉన్నప్పుడు నూట నలభై నాలుగు. రెండింటికీ తేడా లేదనే చెప్పాలి. అంకెలను నమ్మి బతికిన నాకు అది మింగుడు పడడానికి కొంత సమయం పట్టింది.

అయితే సుబ్బయ్య గారు అంత తేలికగా ఒప్పుకొనే మనిషి కాదు.

"కారం సంగతి తేలింది. కొట్టిందని అన్నందుకు నన్ను మన్నించు చెల్లెమ్మా" అన్నారు. తరువాత నా వైపు తిరిగారు. "కానీ నేనడిగింది అది గాదు డాక్టరమ్మా. ఆట వానికి ఇష్టమా అని. గింజ కోసం ఆడతా ఉండాడు. కడుపు నిండినోడు ఎవడైనా పడిపోయి లేస్తాడా?"

ప్రశ్న న్యాయమైనది. నేను చెప్పవలసిన అసలు జవాబు ఇంకా చెప్పనే లేదు. "అయితే కడుపు నింపి చూద్దాము" అన్నాను.

ఆయన ఇంటి నుంచి పెద్ద గిన్నె తెప్పించారు. అన్నంలో కోడిమాంసం ముక్కలు, పైన పులుసు. కారం లేకుండా వండించమని తానే చెప్పి పంపారు. గిన్నె తన ముందు పెట్టుకొని ఒక వైపు కూర్చున్నారు. ఎదురుగా దూరంగా ఎస్తేరమ్మ, వట్టి చేతులతో. గింజలన్నీ నా దగ్గర పెట్టుకున్నాను. ఎవరూ పిలవకూడదు, ఎవరూ ఆట అడగకూడదు.

బూరెను వదిలాము. నేరుగా గిన్నె దగ్గరకు పోయాడు.

"చెప్పలా?" అన్నారు సుబ్బయ్య గారు.

"తిననీ అన్నా. వాడు గూడ తినాల్సినోడే" అన్నది ఎస్తేరమ్మ.

గిన్నె నాకి నాకి తోమినట్టు చేశాడు. నీళ్ళు తాగాడు. సుబ్బయ్య గారి పాదాల పక్కన పడుకొని మూతి తుడుచుకున్నాడు. ఆయన వీపు నిమిరారు. బూరె సుఖంగా నిట్టూర్చాడు. కాసేపు గడిచింది. ఎస్తేరమ్మ ముఖం క్రమంగా వాడిపోవడం చూశాను. నేను చెప్పినందుకే ఆమె కదలకుండా కూర్చున్నది. లేకపోతే లేచి ఇంటి దారి పట్టేదనుకుంటాను.

అప్పుడు బూరె లేచాడు. ముందుకాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకున్నాడు. నడుచుకుంటూ ఎస్తేరమ్మ ముందుకు పోయి కూర్చొని, అడగకుండానే కుడికాలు ఎత్తాడు. ఆమె నా వైపు చూసింది. కదలవద్దని సైగ చేశాను. కాలు దించి మళ్ళీ ఎత్తాడు. పలకరింపు అందలేదని అర్థమై, ఈసారి ముందుకాళ్ళ మీద తల ఆనించాడు. ఎవరూ ఆమెన్ అనలేదు. తానే లేచాడు. చుట్టూ ఒకసారి చూసి, నాలుగు కాళ్ళూ చాపి వడదెబ్బ తగిలినట్టు దబ్బున పడిపోయాడు. పడిన తరువాత ఒక కన్ను మాత్రం తెరిచి, ఎవరు చూస్తున్నారా అని చూశాడు.

కడుపు నిండిన కుక్క. గింజ లేదు, పిలుపు లేదు. పారిపోవడానికి చుట్టూ పొలమంతా ఉన్నది. అయినా నేల మీద పడి ఉన్నాడు. తోక చివర మాత్రం దుమ్ములో టపటప కొట్టుకుంటున్నది.

నా నియమాన్ని మీరినది సుబ్బయ్య గారే.

"మేస్త్రి వచ్చె రా" అన్నారు.

బూరె తారాజువ్వలా లేచి మిరపసాలు దాకా పరుగెత్తి, అక్కడ బుద్ధిమంతుడిలా నిలబడి వెనక్కి చూశాడు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సుబ్బయ్య గారు తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నారు, నవ్వుతోనే.

"సిగ్గులేనోడు. నా బువ్వ తిని ఆమె దగ్గర ఆడతా ఉండాడు" అన్నారు.

ఉత్సాహంలో ప్రసాదు ముందుకు వచ్చాడు. "అమ్మా, అసలైంది మీరు చూడలా. రెండు కాళ్ళ మీద నిలబడతాడు. గుడిలో అందరికన్నా ఎక్కువ చప్పట్లు దానికే" అని చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. బూరె కూర్చొని ఆవులించాడు. మళ్ళీ చెయ్యెత్తితే పెదవి నాకి తల తిప్పుకున్నాడు. అతని చేతిలో కారం లేదు. అయినా అవే సంకేతాలు. పడుకోబెట్టి వెనుక కాలి మోకాలు కదిపి చూశాను. మోకాటి చిప్పను పటెల్లా అంటాము; కాలు చాపినప్పుడు అది గాడి నుంచి కొంచెం పక్కకు జారుతున్నది. నాలుగు కాళ్ళ మీద పరుగెత్తడానికి అడ్డు కాదు. బరువంతా రెండు కాళ్ళ మీద వేస్తే నొప్పి. మనుషులు ఎక్కువ చప్పట్లు కొట్టిన ఆటే వానికి అన్నిటికన్నా కష్టమైనది.

ఆ సాయంత్రం నిలబడి నా నిర్ణయం చెప్పాను. వందనం, ప్రార్థన, వడదెబ్బ, మేస్త్రి ఆటలు బూరెకు ఇష్టం. ఆకలి కోసం కాదు, ఎస్తేరమ్మతో కలిసి చేసే పనిగా ఇష్టం. రెండు కాళ్ళ ఆట ఇష్టం లేదు. ఈ రోజుతో మానాలి. కోతలున్నన్నాళ్ళూ నూనెతో, సబ్బుతో చేతులు కడగనిదే ముట్టుకోకూడదు. కళ్ళంలో ఆడించకూడదు, ఆడితే ఇంటి దగ్గర.

"నా కల్లంలో వద్దా?" అన్నారు సుబ్బయ్య గారు. అప్పటిదాకా కుక్క కోసం వాదించిన మనిషి, ఈసారి తన కోసం వాదిస్తున్నారు.

"సాయంత్రం మా ఇంటికి రా అన్నా. టీ తాగతా చూద్దువు" అన్నది ఎస్తేరమ్మ.

"వస్తాలే. మేస్త్రిని గూడ తోలుకొస్తా."

తిరుగు ప్రయాణంలో బూరె ముందు సీటు వైపు చూడను కూడా చూడలేదు. వెనుక ఎస్తేరమ్మ ఒడిలో పద్నాలుగు కిలోలూ పరుచుకొని పడుకున్నాడు. ఆమె తన అరచేతిని మాటిమాటికీ వాసన చూసుకుంటున్నది. వారి ఇంటి దగ్గర ఇద్దరూ దిగిపోయారు. ప్రసాదు నన్ను మార్కాపురం చేర్చాడు. నా కన్ను మరునాటికి గాని పూర్తిగా నెమ్మదించలేదు.

కుక్కలకు ఆటలు నేర్పవచ్చునా, అది వాటికి సంతోషమేనా అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. అన్ని కుక్కలకూ, అన్ని ఆటలకూ కలిపి ఒకే జవాబు ఉండదని ఈ కేసు నాకు చెప్పింది. ఒకే కుక్కకు నాలుగు ఆటలు పండుగై, అయిదవది నొప్పి కావచ్చు. ఒకే ఆట ఒక చేతిలో వరమై, మరొక చేతిలో శిక్ష కావచ్చు. పల్స్ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో చెబుతుంది, ఎందుకో చెప్పదు. నేను ఇప్పటికీ పల్స్ చూస్తాను, రాసుకుంటాను. ఆ పైన కుక్కను కిందికి దించి, తాడు విప్పి, గది తలుపు బార్లా తెరిచి, యజమానిని వట్టి చేతులతో కూర్చోమంటాను. బయట తర్లుపాడు రోడ్డు, ఎదురుగా టీ బంకు, అక్కడ పారేసిన బన్ను ముక్కలు. వెళ్ళిపోవడానికి కావలసినవన్నీ అక్కడ ఉంటాయి. అన్నీ చూసి కూడా వెనక్కి తిరిగి వచ్చి కాలు ఎత్తే కుక్కను ఇక నేనేమీ అడగను.